ఇబ్రహీంపట్నం నుంచి బెంగళూరుకు, గుర్రంతో

గుర్రపుస్వారీ క్లినిక్ రెండు మూడు రోజులు సాగే శిక్షణ. అనుభవమున్న శిక్షకుడు ఒక చోటికి వస్తాడు, రైడర్లు తమ గుర్రాలను అక్కడికి తీసుకువస్తారు. రోజుకు ఒక్కొక్కరికి ముప్పావు గంట నుంచి గంట దాకా పాఠం ఉంటుంది. కొన్ని క్లినిక్‌లలో పాఠం విడిగా చెబుతారు, కొన్నింటిలో నలుగురైదుగురికి కలిపి చెబుతారు. మిగిలిన పొద్దంతా మైదానం అంచున కూర్చుని తక్కినవాళ్ల పాఠాలు చూడడమే. క్లబ్బులో నెలకింత అని కట్టి నేర్చుకునేటప్పుడు గుర్రానికి పని తెలిసే ఉంటుంది, రానిది మనిషికే. క్లినిక్‌లో మనిషీ గుర్రమూ ఇద్దరూ విద్యార్థులే. ఇంటి దగ్గర ఆ ఇద్దరి మధ్య పాతుకుపోయిన అలవాట్లను కొత్త కన్ను ఒకటి చూస్తుంది. అందుకే సొంత గుర్రమే వెళ్లాలి. గుర్రం వెళ్లాలంటే దరఖాస్తు, పశువైద్యుడి కాగితాలు, లారీ, దారిలో మజిలీలు, ఇవన్నీ పాఠం కంటే ముందు నడవాలి. పాఠం ఎలా సాగుతుందన్నది చాలావరకు వీటిలోనే తేలిపోతుంది.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం హైదరాబాద్‌కు ఆగ్నేయంగా, నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉంది. ఊరికీ, ఊరి పెద్ద చెరువుకూ మూలపురుషుడు గోల్కొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న రాజు ఆయనే. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితం. గద్దె ఎక్కకముందు ఏడేళ్లపాటు ఆయన విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఉన్నాడు. అన్న జంషీద్ చనిపోయాక కోయిలకొండ మీదుగా గోల్కొండకు చేరాడు. ఈనాడు ఇబ్రహీంపట్నం నుంచి గుర్రాన్ని ఎక్కించుకుని బెంగళూరుకు బయలుదేరే లారీ, ఆయన వచ్చిన దిక్కుకే ఎదురు ప్రయాణం చేస్తుంది.

నగరం లోపల గుర్రాన్ని ఉంచడం కష్టం. సాగర్ రోడ్డు వెంట ఫామ్‌హౌసులు, తోటలు పెరిగిన ఈ వైపు ఒక లాయానికీ, చిన్న మైదానానికీ చోటు దొరుకుతుంది. నేల ఎక్కువగా ఎర్ర చెల్క. వానాకాలం తర్వాత కొన్నాళ్లు డెక్కకు హాయిగా ఉంటుంది, ఎండలు ముదిరితే గట్టిపడి కీళ్లను దెబ్బతీస్తుంది. అదే రోడ్డు నగరం వైపు పోతే మలక్‌పేట వస్తుంది. మౌలాలిలో సాగిన గుర్రపుపందాలు 1886లో మలక్‌పేటకు మారాయి, నేటికీ అక్కడే జరుగుతున్నాయి. పందెం నుంచి విరమించిన థరోబ్రెడ్‌లు స్వారీగుర్రాలుగా చేతులు మారడం మామూలే. రాజస్థాన్ మార్వాడీ గుర్రాలు, గుజరాత్ కాఠియావాడీ గుర్రాలు కూడా ఈ ప్రాంతానికి వస్తాయి. పెళ్లి ఊరేగింపుల్లో కొన్నేళ్లు తిరిగి, తర్వాత స్వారీకి వచ్చేవి ఇంకొన్ని.

క్లినిక్ దరఖాస్తులో మొదటి ప్రశ్న గుర్రం గురించే ఉంటుంది: వయసు, జాతి, ఎత్తు, ఇంతకుముందు చేసిన పని, ఇప్పుడు చేస్తున్న పని. ఈ నాలుగైదు గడులను తొందరగా నింపేయడం చాలామందికి అలవాటు. నిజానికి శిక్షకుడికి అన్నిటికంటే పనికొచ్చేవి ఇవే. మలక్‌పేటలో పరుగెత్తిన గుర్రం రెండేళ్ల వయసులోనే శిక్షణలోకి వెళ్లి ఉంటుంది. దాని మీదికి జాకీని కింది నుంచి ఒకరు కాలు పట్టి ఎక్కిస్తారు. రికాబులో కాలుపెట్టి మనిషి ఎక్కుతుంటే కదలకుండా నిలబడాలని దానికి ఎవరూ నేర్పలేదు. పగ్గాలు బిగిస్తే వాటిని ఆనుకుని ఇంకా వేగంగా పోవడమే దానికి తెలిసిన పాఠం. ఆగమని లాగిన రైడర్‌కు అది మొండితనంగా కనబడుతుంది, గుర్రానికి మాత్రం అది విధేయత. ఈ చరిత్ర దరఖాస్తులో ఉంటే శిక్షకుడు మొదటి రోజే సరైన చోట మొదలుపెడతాడు, లేకపోతే దాన్ని కనిపెట్టడానికే ఒక పాఠం ఖర్చవుతుంది.

మార్వాడీ గుర్రం సంగతి వేరు. లోపలికి వంగి కొనలు కలిసే చెవులతో అందరికీ గుర్తుండే జాతి ఇది. వీటిలో కొన్నింటికి రేవాల్ అనే సహజమైన నడక ఉంటుంది. అందులో ఒకే పక్క కాళ్లు జతగా కదులుతాయి కనుక మీద కూర్చున్నవాడికి కుదుపు తెలియదు. గుర్రం క్రమబద్ధమైన కదలికలను పరీక్షించే డ్రెస్సాజ్‌లో అడిగే ట్రాట్ అనే నడకలో ఎదురెదురు మూలల కాళ్లు జతగా పడాలి. రేవాల్ నడిచే గుర్రంతో దరఖాస్తు పెట్టేవారు ఆ మాట రాయడం అవసరం. కొందరు శిక్షకులు అలాంటి గుర్రంతో పనిచేయడానికి ఇష్టపడతారు, కొందరు తమకు అనుభవం లేదని నేరుగా చెబుతారు. రెండు జవాబులూ రైడర్‌కు మేలే.

ఊరేగింపుల్లో తిరిగిన గుర్రం విషయంలో ముందు చూడవలసింది నోరు. బ్యాండు మోతకు చిందులు వేయించడానికి ముళ్ల కళ్లేలు వాడినవాళ్లున్నారు. బరువు లాగే, మోసే జంతువులపై 1965 నాటి నియమాలే ముళ్లున్న కళ్లేలను నిషేధించాయి. అయినా వాటి గాయాలు మానిన మచ్చలు నాలుక మీద, పెదవుల మూలల్లో ఇంకా కనిపిస్తుంటాయి. అలాంటి గుర్రం పగ్గం తగిలితే తల ఎగరేస్తుంది. దాన్ని శిక్షణలోపంగా రాసి పంపడం గుర్రానికి అన్యాయం. దరఖాస్తుకు ముందే పశువైద్యుడితో నోరు చూపించి, పళ్ల అంచులు అరగదీయించాలి. గుర్రం పళ్లు జీవితమంతా పైకి వస్తూనే ఉంటాయి. అరుగుదల సమంగా లేకపోతే అంచులు కత్తుల్లా తేలి బుగ్గలను కోస్తాయి. ఏడాదికి ఒకసారైనా ఈ పని జరగాలి.

రెండో భాగం రైడర్ గురించి. ఎన్నేళ్లుగా స్వారీ చేస్తున్నారు, ఏ మెట్టులో ఉన్నారు, ఏం నేర్చుకోవాలనుకుంటున్నారు అని అడుగుతారు. ఇక్కడ పెద్ద పెద్ద మాటలు రాయాలనిపించడం సహజం. నిర్వాహకులు ఈ వివరాలతో చేసేది జట్లు కట్టడం. క్యాంటర్ అనే దౌడులో ఇంకా పట్టు రాని వ్యక్తి, అడ్డంకులు దూకే జట్టులో పడితే ప్రమాదం ఆ ఒక్కరికే కాదు, జట్టంతటికీ. "ఎడమ వైపు వలయం తిరిగేటప్పుడు గుర్రం భుజం బయటికి జారుతుంది, నేను లోపలి పగ్గం లాగుతాను, అది ఇంకా జారుతుంది" అన్న వాక్యం, "డ్రెస్సాజ్‌లో ముందుకు వెళ్లాలనుంది" అన్న వాక్యానికి పదింతలు విలువైనది. ఒక కష్టం, అది ఎప్పుడు వస్తుంది, ఇంతవరకు దానికి ఏం ప్రయత్నించారు అన్న మూడు సంగతులు చాలు. గుర్రం తంతుందా, కరుస్తుందా, ఇతర గుర్రాల దగ్గర బెదురుతుందా, లారీ ఎక్కుతుందా అన్న ప్రశ్నలకు దాపరికం లేకుండా రాయాలి. మగగుర్రమైతే ఆ మాట స్పష్టంగా తెలపాలి, లాయాల కేటాయింపు దాని మీద ఆధారపడుతుంది.

చాలా క్లినిక్‌లు వీడియో అడుగుతాయి. నాలుగైదు నిమిషాలు చాలు. ఫోన్‌ను అడ్డంగా పట్టి, మైదానం ఒక మూల నుంచి, గుర్రం మొత్తం కనిపించేలా తీయాలి. నడక, ట్రాట్, క్యాంటర్ మూడూ రెండు వైపులా ఉండాలి. పాటలు కలపకూడదు, ఎందుకంటే డెక్కల చప్పుడు విని కూడా శిక్షకుడు లయను పసిగడతాడు. తప్పులు వచ్చిన చోట కత్తిరించడం కూడా వద్దు, ఆయన చూడాలనుకునేది వాటినే. చోటు దొరకకపోతే నిరీక్షణ జాబితా ఉంటుంది, గుర్రం లేకుండా ప్రేక్షకులుగా కూర్చునే అవకాశం కూడా ఉంటుంది. మొదటిసారి వెళ్లేవారు, ముఖ్యంగా గుర్రానికి దూరప్రయాణం అలవాటు లేనివారు, ఒక క్లినిక్‌ను ఇలా చూసి రావడమే మంచిది. ఖర్చు తక్కువ, శిక్షకుడి మాటతీరు తెలుస్తుంది, గుర్రానికి శ్రమ ఉండదు. గొంతు పెంచి రైడర్‌ను, కొరడా పెంచి గుర్రాన్ని దారికి తెచ్చే శిక్షకుడైతే ఆ సంగతి కూడా అక్కడే తెలిసిపోతుంది.

గుర్రం తెలిసినవాళ్ల కోసం వెతుక్కోవలసి రావడం దక్షిణాదికి కొత్తది కాదు. మార్కోపోలో 13వ శతాబ్దం చివర తమిళ తీరం గురించి రాస్తూ, ఏటా వేల గుర్రాలు సముద్రం మీద దిగుతాయనీ, చూసుకోవడం తెలియక చాలావరకు చచ్చిపోతాయనీ చెప్పాడు. గుర్రాలమ్మే వర్తకులు గుర్రపు వైద్యం తెలిసినవాళ్లను వెంట తీసుకురారట, వేరెవరూ వెళ్లకుండా కూడా చూస్తారట. గుర్రాలు బతికితే బేరం తగ్గుతుంది కదా. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ 16వ శతాబ్దంలో రాసిన వృత్తాంతం ప్రకారం, విజయనగర రాజు సాళువ నరసింహరాయలు గుర్రాలను చచ్చినా బతికినా ఒకే ధరకు కొన్నాడు. దారిలో చచ్చినదానికి తోక తెచ్చి చూపిస్తే చాలు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో దూరదేశాల నుంచి ఏనుగులు, గుర్రాలు తెచ్చే వర్తకులకు ఊళ్లూ ఇళ్లూ ఇచ్చి తనవాళ్లుగా చేసుకోవాలని రాజనీతి చెప్పాడు. గుర్రాల లక్షణాల మీద మనుమంచిభట్టు హయలక్షణ విలాసము తెలుగులోనే రాశాడు. అంటే గుర్రం ఇక్కడికి ఎప్పుడూ డబ్బుతో వచ్చింది, దాని గురించిన తెలివి మాత్రం కొద్దిమంది చేతుల్లోనే ఉండిపోయింది. ఆ తెలివి రైడర్‌కూ, గుర్రాన్ని రోజూ చూసుకునే సయీసుకూ అందే దారి కనుకనే క్లినిక్ అనే పద్ధతికి ఇంత విలువ.

హైదరాబాద్‌లో గుర్రం తెలిసినవాళ్లు లేకపోలేదు. శివరాంపల్లిలోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణార్థులకు స్వారీ పాఠ్యాంశం. గోషామహల్‌లో నగర పోలీసుల అశ్వదళం ఉంది. మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు పోలో, స్వారీ క్లబ్బులున్నాయి. ఇబ్రహీంపట్నం నుంచి ఆ పడమటి వైపుకు అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒక పూటలో వెళ్లి రావచ్చు. ఆ దూరంలోనే తగిన శిక్షకుడు దొరికితే దూరపు క్లినిక్‌కు దరఖాస్తు పెట్టనవసరం లేదు, గుర్రానికి రెండు రోజుల లారీ ప్రయాణం తప్పించడమే పెద్ద లాభం.

అయినా దక్షిణాన పోటీస్వారీకి పెద్ద దిక్కు బెంగళూరే. నగరానికి ఉత్తరాన 1996లో మొదలైన ఎంబసీ ఇంటర్నేషనల్ రైడింగ్ స్కూల్ అక్కడిదే. అక్కడ శిక్షణ పొందిన ఫవాద్ మీర్జా 2018 జకార్తా ఆసియా క్రీడల్లో వ్యక్తిగతంగానూ జట్టుగానూ రజతాలు తెచ్చాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈవెంటింగ్‌లో 23వ స్థానంలో నిలిచాడు. అంతకుముందు ఇరవై ఏళ్లపాటు ఒలింపిక్ గుర్రపుస్వారీలో భారతీయులే లేరు. 2023 సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వల్లా డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం గెలిచింది. గుర్రపుస్వారీలో అంతకుముందు స్వర్ణాలు 1982 ఢిల్లీ క్రీడల నాటివి. వీళ్లంతా ఏళ్ల తరబడి ఐరోపాలో ఉండి, అక్కడి గుర్రాల మీదే తయారయ్యారు. దానికి శిక్షకుల కొరత ఒక కారణం. భారతదేశం నుంచి గుర్రాన్ని బయటి దేశాలకు పంపడానికి అడ్డుపడే వ్యాధి నిబంధనలు మరో కారణం. మీరట్ కంటోన్మెంట్‌లో ఏర్పాటు చేసిన వ్యాధిరహిత అశ్వ విభాగానికి ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ గుర్తింపు 2025లోనే వచ్చింది.

దేశంలోపల తిరిగే గుర్రానికి కూడా ఈ వ్యాధుల పట్టింపు తప్పదు. వాటిలో ముఖ్యమైనది గ్లాండర్స్. గుర్రాలకు, గాడిదలకు, కంచరగాడిదలకు వచ్చే ఈ బాక్టీరియా వ్యాధి మనుషులకూ అంటుకుంటుంది. ముక్కు నుంచి చీము, చర్మం మీద పుండ్లు, ఊపిరితిత్తుల్లో గడ్డలు దీని లక్షణాలు. పైకి ఏమీ కనబడని గుర్రం కూడా దీన్ని మోసుకెళ్లగలదు. 2009 నాటి జంతు అంటువ్యాధుల చట్టం కింద దీన్ని తప్పనిసరిగా అధికారులకు తెలపాలి. తేలిన జంతువుకు చికిత్స చేయరు, బాధ లేకుండా చంపి పూడ్చిపెడతారు. అందువల్ల క్లినిక్ నిర్వాహకులు ఇటీవలి రక్తపరీక్ష ఫలితం అడిగితే నొచ్చుకోకూడదు. ముప్పై గుర్రాలు ఒకే లాయాల వరుసలో, దగ్గర దగ్గర తొట్లలో నీళ్లు తాగే చోట ఆ కాగితమే అందరికీ రక్ష. ఈ పరీక్షల్లో దేశానికి ఆధారం హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. నమూనా పంపి ఫలితం వచ్చేదాకా రోజులు పడతాయి కనుక, చోటు ఖరారైన వెంటనే రక్తం తీయించాలి.

ఈక్వైన్ ఇన్‌ఫ్లూయెంజా టీకా మరొకటి. భారతదేశంలో ఈ వ్యాధి 1987లో, మళ్లీ 2008లో విరుచుకుపడింది. రెండోసారి వైష్ణోదేవి యాత్రికులను మోసే గుర్రాలున్న కత్రాలో మొదట బయటపడింది. అంతర్జాతీయ పోటీల నియమం ప్రకారం గుర్రం పోటీకి చేరేనాటికి చివరి టీకా పడి 6 నెలల 21 రోజులు దాటకూడదు. క్లినిక్‌లకు అంత కట్టుదిట్టం లేకపోయినా అదే లెక్క పాటించడం మేలు. ధనుర్వాతం టీకా గురించి చెప్పనే అక్కర్లేదు, గుర్రం అంత తేలిగ్గా ఆ రోగానికి లొంగే పెంపుడు జంతువు మరొకటి లేదు. టీకా వేసిన కొద్ది రోజులు మెడ పట్టేయడం, కాస్త జ్వరం రావడం ఉంటాయి కాబట్టి ప్రయాణానికి ముందురోజు వేయించకూడదు. చివరగా, ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉందని పశువైద్యుడి ధ్రువపత్రం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక మూడు రాష్ట్రాలు దాటే ఈ దారిలో అసలు కాగితం ఒకటి, నకళ్లు రెండు లారీలోనే ఉండాలి.

లారీ విషయంలో నియమాలు స్పష్టంగా ఉన్నాయి. జంతువుల రవాణాపై 1978 నియమాల ప్రకారం గుర్రాలను తరలించే వాహనంలో నేల జారకుండా ఉండాలి, పక్కలకు మెత్తలు వేయాలి, గుర్రానికీ గుర్రానికీ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల మందమున్న వెదురు బొంగులు కట్టాలి. తలలు ఎడమ వైపుకు, అంటే ఎదురొచ్చే బండ్లకు దూరంగా, ఉండాలి. వేగం గంటకు 35 కిలోమీటర్లు మించకూడదు. ఒక్కో గుర్రానికి 2.25 చదరపు మీటర్ల చోటు ఉండాలని మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. జాతీయ రహదారి మీద 35 వేగం అంటే డ్రైవర్లు ఒప్పుకోరు. కానీ లోపల నిలబడ్డ జంతువు వైపు నుంచి చూడాలి. ప్రతి బ్రేకుకూ, ప్రతి మలుపుకూ నాలుగు వందల యాభై కిలోల శరీరం కాళ్లు వెడల్పు చేసి తనను తాను నిలబెట్టుకుంటుంది. ప్రయాణమంతా దాని కండరాలు పనిచేస్తూనే ఉంటాయి. డ్రైవర్‌ను కుదుర్చుకునేటప్పుడు ఎంత త్వరగా చేరుస్తాడన్నది కాక, ఎంత మెత్తగా ఆపుతాడన్నది అడగాలి.

లారీ ఎక్కడం ఇంటి దగ్గర నేర్పవలసిన పాఠం. ప్రయాణం రోజు తెల్లవారుజామున, చీకట్లో, నలుగురు వెనక నుంచి నెడుతుంటే నేర్పడం కుదరదు. నెల ముందు నుంచి లారీ తలుపుపలక మీద ఒక కాలు, రెండు కాళ్లు, వెనక్కి దిగడం, మళ్లీ ఎక్కడం, లోపల కాస్త మేత తినడం, ఇలా నిదానంగా సాగాలి. ఈ పనిలో రైడర్ కంటే సయీసుకే ఎక్కువ ఓర్పు ఉంటుంది. గుర్రం రోజంతా చూసే ముఖం అతనిదే. దూరప్రయాణంలో లారీ వెనక కూర్చునేవాడు, రాత్రి మజిలీలో పక్కన పడుకునేవాడు కూడా అతనే. క్లినిక్ రుసుములో సయీసు బస, భోజనం చేరి ఉన్నాయో లేదో దరఖాస్తు దశలోనే కనుక్కోవాలి. పాఠం జరిగేటప్పుడు అతన్ని కూడా మైదానం అంచున కూర్చోబెట్టాలి. ఇంటికి వచ్చాక ఆ పాఠాన్ని ప్రతిరోజూ గుర్రానికి గుర్తుచేసేది అతని చేతులే.

బయలుదేరే వారం ముందు నుంచే తాగే నీళ్లలో కాస్త బెల్లం కలపడం మంచి ఉపాయం. కొత్త ఊరి నీళ్ల రుచి నచ్చక గుర్రం తాగడం మానేస్తుంది, తాగకపోతే శూల వస్తుంది. బెల్లం రుచి అలవాటైతే ఎక్కడి నీళ్లయినా ఇంటి నీళ్లలాగే ఉంటాయి. ఇంటి నుంచి కొన్ని డబ్బాల నీళ్లు తీసుకువెళ్లడం ఇంకా మంచిది. ప్రయాణం ముందురోజు నుంచి దాణా, ఉలవలు సగానికి తగ్గించి ఎండుగడ్డి పెంచాలి.

ఇబ్రహీంపట్నం నుంచి బెంగళూరు ఉత్తర అంచుకు దాదాపు 570 కిలోమీటర్లు. 35 కిలోమీటర్ల వేగంతో లెక్కేస్తే చక్రాల మీదే పదహారు గంటలు దాటుతుంది. కాబట్టి ఇది రెండు రోజుల దారి. లారీ చలి పోకముందే కదలాలి. సాగర్ రోడ్డు మీద శేరిగూడ, మంగళ్‌పల్లి దాటి బొంగుళూరు దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కుతుంది. రావిర్యాల, తుక్కుగూడ, పెద్ద గోల్కొండ మీదుగా శంషాబాద్‌లో దిగి 44వ జాతీయ రహదారిని అందుకుంటుంది. షాద్‌నగర్ దాటేసరికి తెల్లవారుతుంది. జడ్చర్ల పరిసరాల్లో మొదటి ఆగుడు.

ఆగిన ప్రతిచోటా గుర్రాన్ని దించనవసరం లేదు. రోడ్డు పక్కన దించడమే ప్రమాదం. తల కట్టిన తాడు విప్పి, తల నేల దాకా వంచనివ్వడం మాత్రం తప్పనిసరి. గుర్రం ముక్కుతోనే ఊపిరి తీస్తుంది. తల ఎత్తి కట్టి ఉంచితే గొంతులోకి చేరిన దుమ్ము, గడ్డినుసి, కఫం కిందికి జారిపోయే దారి ఉండదు, అవి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. దూరప్రయాణం చేసిన గుర్రాలకు రెండు మూడు రోజుల తర్వాత వచ్చే ప్రాణాంతకమైన న్యుమోనియాకు మూలం ఇదే. మూడు నాలుగు గంటలకోసారి అరగంట ఆగి, తల దించనిచ్చి, నీళ్లు చూపించి, కింది తడిగడ్డి తీసేస్తే ఈ ముప్పు చాలావరకు తగ్గుతుంది. డ్రైవర్ టీ తాగే సమయాన్ని గుర్రం అవసరానికి తగ్గట్టు సర్దాలి.

మహబూబ్‌నగర్ ప్రాంతం వదిలి కొత్తకోట, పెబ్బేరు దాటితే నేల పల్లానికి దిగుతుంది, గాలి వేడెక్కుతుంది. బీచుపల్లి దగ్గర కృష్ణ, అలంపూర్ చౌరస్తా తర్వాత కర్నూలు ముంగిట తుంగభద్ర. ఈ రెండు నదుల మధ్య నేల ఈ దారి మొత్తంలో ఉక్క ఎక్కువగా ఉండే చోటు. ఇబ్రహీంపట్నంలో హాయిగా ఉన్న గుర్రం ఇక్కడ చెమటతో తడిసిపోతుంది. లారీ పైకప్పు మీద తెల్ల గుడ్డ, పక్కలకు గాలి కిటికీలు, నీళ్లలో చిటికెడు ఉప్పు ఈ భాగం కోసమే. అందుకే దూరపు క్లినిక్‌లకు కార్తీకం నుంచి మాఘం దాకా ఉన్న చలికాలమే తగినది. ఎండాకాలంలో జరిగే క్లినిక్‌కు ఎంత గొప్ప శిక్షకుడు వచ్చినా ఈ దారిన గుర్రాన్ని పంపకూడదు.

కర్నూలు నుంచి వెల్దుర్తి, డోన్, ప్యాపిలి మీదుగా గుత్తి చేరితే సగం దారి అయినట్టు. మొదటి రాత్రి మజిలీకి తగిన చోటు ఈ చుట్టుపక్కలే. గుత్తి కొండమీది కోట 18వ శతాబ్దంలో గుర్రపుదళానికి పేరుమోసిన మరాఠా సర్దారు మురారి రావు ఘోర్పడేది. 1776లో హైదర్ అలీ దాన్ని పట్టుకున్నాడు. వందల గుర్రాలకు మేతా నీళ్లూ చూసుకున్న ఆ కోట కింద ఈనాడు ఒక్క గుర్రానికి రాత్రి చోటు కావాలన్నా ముందే మాట్లాడుకోవాలి. గట్టి కంచె, శుభ్రమైన నేల, గోరువెచ్చని నీళ్లు, పొడి గడ్డి ఉంటే చాలు. వేరే గుర్రాలో గాడిదలో ఉన్న కొట్టమైతే వద్దనుకోవాలి. దిగిన వెంటనే చేతితో పావుగంట నడిపించి, ఉష్ణోగ్రత చూడాలి. 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ లోపు మామూలే. అంతకంటే ఎక్కువుంటే, మేత ముట్టకపోతే, లద్దె వేయకపోతే ఉదయాన్నే ముందుకు వెళ్లడం కాక పశువైద్యుణ్ణి పిలవడం మొదటి పని. క్లినిక్ కోసం కట్టిన డబ్బు పోయినా సరే.

రెండో రోజు పామిడి దగ్గర పెన్న దాటి అనంతపురం, అక్కడి నుంచి పెనుకొండ. 1565 రాక్షస తంగడి యుద్ధం తర్వాత తిరుమల రాయలు విజయనగర రాజధానిని మార్చుకున్నది ఈ కొండకిందికే.  పెనుకొండ దాటాక దారి మెల్లగా ఎత్తుకు ఎక్కుతుంది. కొడికొండ, బాగేపల్లి, చిక్కబళ్లాపుర వరకు రోడ్డు పక్క తెలుగు వినబడుతూనే ఉంటుంది. దేవనహళ్లి చేరేసరికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, చల్లని గాలి. కర్నూలు వేడికి చెమటోడ్చిన గుర్రానికి ఆ రాత్రి పలుచని దుప్పటి కావాలి.

చేరిన మర్నాడు స్వారీ చేయకూడదు. ఆ ఒక్కరోజు విశ్రాంతి ఉండేలా దరఖాస్తులోనే ముందురోజు లాయం కోరుకోవాలి. ఆ రోజు గుర్రాన్ని చేతితో నడిపిస్తూ మైదానం చూపించాలి. డ్రెస్సాజ్ మైదానం 20 మీటర్ల వెడల్పు, 40 లేక 60 మీటర్ల పొడవు ఉంటుంది. చుట్టూ తెల్లని అక్షరఫలకాలుంటాయి, కొత్త గుర్రాలు మొదట బెదిరేది వాటికే.

పాఠంలో మొదటి పది నిమిషాలు శిక్షకుడు మాట్లాడడు, లేదా చాలా తక్కువ మాట్లాడతాడు. దరఖాస్తులో చదివినదాన్ని ఎదురుగా ఉన్నదానితో పోల్చుకుంటుంటాడు. జర్మన్ సంప్రదాయంలో గుర్రం శిక్షణను ఆరు మెట్లుగా చెబుతారు: అడుగుల లయ, ఒళ్లు సడలడం, కళ్లెంతో నిలకడైన సంబంధం, ముందుకు తోసే ఊపు, వంకర లేకపోవడం, చివర బరువును వెనక కాళ్ల మీదికి తెచ్చుకున్న నడక. దూరం నుంచి వచ్చిన రైడర్లు చాలామంది చివరి మెట్ల ఆశతో వస్తారు, పాఠం మొదటి రెండింటి దగ్గరే ఆగుతుంది. ఇందులో నిరాశపడాల్సింది లేదు. ఒళ్లు బిగబట్టుకున్న గుర్రం మీద పై మెట్లు నిలవవు. నిలిచినట్టు కనిపించినా దాని వెన్ను తర్వాత మూల్యం చెల్లిస్తుంది. రైడర్ చేయవలసింది విన్నది వెంటనే చేసి చూడడం, అర్థం కాకపోతే నిలిపి అడగడం. "మా దగ్గర ఇలా చేయం" అన్న జవాబుకు క్లినిక్‌లో చోటు లేదు. గుర్రం కుంటుతున్నా, అలసటతో తడబడుతున్నా పాఠం మధ్యలో దిగిపోయే హక్కు మాత్రం ఎప్పుడూ రైడర్‌దే. మంచి శిక్షకుడు ఆ నిర్ణయాన్ని గౌరవిస్తాడు.

ప్రతి పాఠాన్నీ వీడియో తీయించుకోవాలి, అనుమతి అడిగి. అదే రాత్రి నోటుపుస్తకంలో శిక్షకుడి మాటలను సొంత మాటల్లో రాసుకోవాలి. చివరి రోజు మధ్యాహ్నానికే పాఠం ముగిసినా, తిరుగు ప్రయాణం మర్నాటికి పెట్టుకోవాలి. అదే దారి, అవే మజిలీలు, అదే నిదానం. ఇబ్రహీంపట్నం చేరాక రెండు వారాలపాటు ఆ గుర్రాన్ని ఇంట్లోని తక్కిన గుర్రాలకు దూరంగా, వేరే తొట్టితో ఉంచాలి. మొదటి వారం ఉదయం సాయంత్రం ఉష్ణోగ్రత రాయాలి. దగ్గు, ముక్కు కారడం, మేత మీద అయిష్టం కనిపిస్తే ప్రయాణం జరిగిందని పశువైద్యుడికి చెప్పాలి. స్వారీ రెండు మూడు రోజుల విరామం తర్వాత నడకతో మొదలుపెట్టాలి. క్లినిక్‌లో నేర్చిన ఒకటి రెండు అభ్యాసాలనే కొన్ని వారాలు చేయాలి. అవి కుదిరాక తీసిన వీడియోను, తదుపరి క్లినిక్ ప్రకటన వచ్చినప్పుడు, కొత్త దరఖాస్తుతో పాటు పంపవచ్చు.